తువ్వాలు కింద కుదిరిన మాట

వీరభద్రప్ప చెయ్యి పడితే బేరం కుదరక మానదని బళ్ళారి పత్తి బజారులో పేరు. ఆ రోజుల్లో పత్తి ధర నోటితో పలికేవారు కాదు. దళారి ముందు అమ్మేవాడి చేతిని తన చేతిలోకి తీసుకుని, పైన తువ్వాలు కప్పి, వేళ్ళు పట్టి ధర తెలుసుకునేవాడు. తరువాత అదే తువ్వాలు కింద కొనేవాడి చెయ్యి పట్టేవాడు. పట్టిన వేళ్ళే అంకెలు. చుట్టూ ఎందరు మూగినా వాళ్ళకు కనిపించేది రెండు నిర్వికారమైన ముఖాలూ, మధ్య కదులుతున్న గుడ్డా మాత్రమే.

ఆ పద్ధతికి రెండు కట్టుబాట్లు ఉండేవి. తువ్వాలు తీసిన తరువాత మాట తిరగకూడదన్నది ఒకటి. ఎంత అని అడగవచ్చు గాని ఎందుకు అని అడగకూడదన్నది రెండవది. ఒక రైతు తక్కువకు తెగనమ్ముకుంటున్నాడంటే ఇంట్లో ఏదో కష్టం ఉండి ఉంటుంది. దాన్ని నలుగురిలో లాగడం మర్యాద కాదు. వీరభద్రప్ప ఈ రెంటినీ ధర్మం లాగా పాటించాడు. ఒకరు ఎక్కడో ఉంటారు, మరొకరు ఇంకెక్కడో ఉంటారు. ఇద్దరినీ చెరి కాస్త జరిపి నడుమకు తేవడమే తన విద్య అనుకునేవాడు. పాము చావకుండా, కర్ర విరగకుండా పని జరిగిపోయేది. ఇద్దరూ అరకొర తృప్తితో లేచిపోతే న్యాయం జరిగినట్టేనని ఆయన లెక్క.

జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసిన కొన్నేళ్ళకు, కాలువ నీళ్ళ భూముల కోసం గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబాల్లో శ్రీమన్నారాయణ అనే ఆయన కప్పగల్లు దారిలో మూతపడ్డ జిన్నింగు మిల్లు ఒకటి కొన్నాడు. పత్తి నుంచి గింజను వేరు చేసే జిన్నులు అందులో రెండు వరుసల్లో ఉండేవి. మిల్లుకు పత్తి కొనడానికీ, కూలివాళ్ళను కుదర్చడానికీ ఆయన వీరభద్రప్పను మేస్త్రీగా పెట్టుకున్నాడు. వీరభద్రప్పది కప్పగల్లే. అందుచేత జిన్నుల మీద పనికి వచ్చిన ఆడవాళ్ళందరూ ఆయన ఎరిగిన ఇళ్ళవాళ్ళే. యజమాని ఆయనను నమ్మాడు, ఆడవాళ్ళూ నమ్మారు. ఇరువైపులా నమ్మకం ఉన్న మనిషి ఉన్నాడు గనుక మిల్లులో తగాదాలు రావని అందరూ అనుకున్నారు.

జిన్నులు ఎత్తయిన అరుగు మీద ఉండేవి. అరుగు కింద, మనిషి వంగి నడిచేంత ఎత్తులో, మిల్లు పొడవునా ఒక ఇరుకు దారి. ఆ దారిలో నడుము ఎత్తున ఒక ఇనుప షాఫ్టు తిరుగుతూ ఉండేది. పక్కగదిలోని ఆయిలింజను పెద్ద బెల్టుతో ఈ షాఫ్టును తిప్పితే, షాఫ్టు చిన్న బెల్టులతో పైనున్న జిన్నులన్నిటినీ తిప్పేది. పైన వేరుపడ్డ గింజలు కిందికి రాలి షాఫ్టు పక్కన కుప్పలు పడేవి. వాటిని ఎత్తకపోతే కుప్ప పెరిగి షాఫ్టును ఒరుసుకుంటుంది. ఒరిపిడికి దూది నుసి అంటుకుంటుంది. కాబట్టి రోజుకు నాలుగు మార్లు ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు గంపలతో ఆ దారిలోకి దిగి, తిరుగుతున్న ఇనుము పక్కనే వంగి గింజలు ఊడ్చుకుని రావాలి. వాళ్ళు దాన్ని గవి అనేవారు. దిగేముందు కొంగు బిగించి బొడ్డులో దోపుకుని, జుట్టు గుడ్డతో కట్టుకునేవారు. వీరభద్రప్ప ఆ మెట్ల దాకా ఎన్నోసార్లు వెళ్ళాడు గాని లోపలికి దిగవలసిన పని ఎన్నడూ పడలేదు.

ఒక ఎండాకాలం, పత్తి రాక ముమ్మరంగా ఉన్నప్పుడు, హొన్నూరమ్మ చీర చెరగు షాఫ్టుకు చుట్టుకుంది. పాత చీర కాబట్టి చిరిగి ఊడివచ్చింది, మనిషి దక్కింది. ఆమె ఆ పూటే ఆడవాళ్ళందరినీ అరుగు దింపి వాకిట్లో కూర్చోబెట్టింది. నలభై దాటిన మనిషి, ఎవరినీ గట్టిగా కేక వేయదు, కాని ఆమె కూర్చుంటే మిగతావాళ్ళు లేవరు. గవిలోకి దిగినప్పుడల్లా ఇంజను ఆపాలి, లేకుంటే దిగం అని వాళ్ళ మాట. ఇంజను ఒక్కసారి కూడా ఆపేది లేదని యజమాని మాట. ఆరుబయట పత్తి గుట్టలు గుట్టలుగా ఉంది. పడమట మబ్బులు పట్టడం మొదలైంది. ఇరువైపులవాళ్ళూ వీరభద్రప్పను పిలిచారు.

ఆయన తనకు తెలిసిన పనే చేశాడు. వాకిట్లో హొన్నూరమ్మ ఎదుట కూర్చుని చేతుల మీద తువ్వాలు కప్పాడు. ఆమె నాలుగు వేళ్ళూ పెట్టింది. ఆఫీసు గదిలో యజమాని మూసిన పిడికిలి పెట్టాడు. వీరభద్రప్ప అటూ ఇటూ తిరిగాడు. అటు ఒక్కొక్క వేలే విచ్చుకుంది; ఇటు ఒక్కొక్క వేలే ముడుచుకుంది. పొద్దు వాలకముందే లెక్క నడుమకు వచ్చింది. పొద్దున రెండు మార్లు ఇంజను ఆపుతారు. మధ్యాహ్నం మీద రెండు మార్లు తిరుగుతుండగానే ఊడుస్తారు. వీరభద్రప్ప తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు అని బజారులో చెప్పుకున్నారు. ఆయన కూడా ఆ రాత్రి బరువు దించుకున్నవాడిలాగా నిద్రపోయాడు.

కుదిరిన మాట అమలులోకి వచ్చాక మిల్లు తీరు మారింది. అది ముసలి ఇంజను. ఆపితే ఒక పట్టాన మొదలయ్యేది కాదు. పొద్దున పోయిన పనిని మధ్యాహ్నం రాబట్టుకోవాలని యజమాని తొందరపెట్టేవాడు. జిన్నులు జోరుగా తిరిగితే కింద గింజ మరింత పడేది. గవిలోకి దిగినవాళ్ళు మునుపటి కంటే పెద్ద కుప్పలను మునుపటి కంటే వేగంగా ఎత్తవలసి వచ్చేది. ఏ పూటలో ప్రమాదం ఉందో ఆ పూట మీదికే బరువంతా జరిగింది. ఇది ఎవరూ కావాలని చేసింది కాదు. ఒకచోట నొక్కితే మరొకచోట ఉబికినట్టు తనంతట తాను జరిగింది.

హొన్నూరమ్మకు అది తెలుస్తూనే ఉంది. ఒక సాయంత్రం ఇంటిదారిలో ఆమె వీరభద్రప్ప పక్కన నడిచింది. వెనక సిద్దక్క వస్తోంది. సిద్దక్క ఆమె చెల్లెలి వరస; నవ్వితే చేత్తో నోరు మూసుకునే పిల్ల, పెళ్ళై ఏడాది తిరగలేదు.

"రెండు మార్లు ఆపుతాండారు, సరే," అంది హొన్నూరమ్మ. "మిగిలిన రెండు మార్లు ఆ షాఫ్టు మా మొగాలు చూసి మెల్లగా తిరుగుతాదా వీరభద్రప్పా? ఇంగోసారి కూర్చోని మాట్లాడు."

"తువ్వాలు తీసినాంక మాట తిరగదమ్మా. నేను తిప్పితే రేపు బజార్లో నా చెయ్యి ఎవురు పట్టుకుంటారు?"

"నువ్వు నీ చెయ్యి సంగతి చెప్తాండావు. నేను మా పానాల సంగతి అడుగుతాండా."

"ఒప్పుకున్నది మీరే గదా. నేనేమన్నా వేళ్ళు ఇరిసి ఒప్పిస్తినా?"

వెనక నుంచి సిద్దక్క అందుకుంది. "పోనీలే అక్కా. అప్ప ఎప్పుడన్నా గవిలోకి దిగినాడా ఏంది? ఎద్దు పుండు కాకికి నొప్పా."

అని తానే నోరు మూసుకుని నవ్వింది. వీరభద్రప్పకు కోపం రాలేదు. చిన్నపిల్ల, నోటి దురుసు అనుకున్నాడు. కాని మాట తిరగదన్న నియమాన్ని ఆ దారిలో ఇంకోసారి వివరించాడు, బడిపంతులు ఎక్కం వివరించినట్టు. ఆ తరువాత హొన్నూరమ్మ అడగలేదు.

జరగవలసింది ఒక మధ్యాహ్నం మీద జరిగింది. అప్పుడు వీరభద్రప్ప వాకిట్లో బండ్ల దగ్గర పత్తి చూస్తున్నాడు. ఇంజను చప్పుడులో ఏ మార్పూ లేదు. ముందు ఒక బెల్టు జారిన శబ్దం వచ్చింది. ఆ వెంటనే హొన్నూరమ్మ గవి మెట్ల మీదికి వచ్చి, ఇంజను గది వైపు రెండు చేతులూ ఊపింది. ఇంజను డ్రైవరు కెంచప్ప పరుగెత్తి ఇంజను ఆపాడు. అది ఆగడానికి పట్టవలసినంత సేపు పట్టింది. సిద్దక్కను బయటికి తెచ్చినప్పుడు మొగవాళ్ళను దూరంగా పొమ్మన్నారు. దోపుకున్న చీర చెరగు వేగంగా వంగి లేవడంలో వదులైందనీ, దాని వెంటే జుట్టు పోయిందనీ తరువాత తెలిసింది. అంతకు మించి ఎవరూ చెప్పలేదు, వీరభద్రప్ప అడగలేదు.

మరణానికి కారణం వెదికేటప్పుడు మనుషులు దగ్గరి దారి పడతారు. పోయిన ఆయుధపూజకు ఇంజను ముందు గుమ్మడికాయ సరిగా పగలలేదని, దిష్టి తీయలేదని మిల్లులో ఒక మాట పుట్టింది. యజమాని ఆ మాటను కాదనలేదు. పెద్ద గుమ్మడికాయ తెప్పించి కొట్టించాడు కూడా. వీరభద్రప్ప ఆ ఎర్రని కుంకుమ నీళ్ళ వంక చూస్తూ నిలబడ్డాడు. అది నమ్మగలిగితే ఎంత సుఖంగా ఉండేదో ఆయనకు తెలుసు. కాని ఇనుముకు ఆకలీ లేదు, అలకా లేదు. పొద్దున ఆగింది కాబట్టి పొద్దున ఎవరూ చావలేదు. మధ్యాహ్నం తిరిగింది. ఆ తిరగడాన్ని కుదిర్చింది తను.

ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఊడ్చేటప్పుడు ఇంజను ఆపాలని ఏదైనా ఏర్పాటు ఉందా అని అడిగితే, అలాంటిదేమీ లేదని యజమాని చెప్పాడు. ఒక విధంగా అది అబద్ధమూ కాదు. ఎవరి నోటా పలకని మాట ఎవరికీ వినిపించలేదు కదా. ఇన్‌స్పెక్టరు వీరభద్రప్ప వైపు తిరిగాడు. వీరభద్రప్ప, రెండు మార్లు ఆపే ఏర్పాటు ఉండేదనీ, దాన్ని కుదిర్చింది తనేననీ చెప్పాడు. ఇన్‌స్పెక్టరు ఆయనను కాసేపు వింతగా చూసి, షాఫ్టుకు అడ్డు కట్టాలని చెప్పి వెళ్ళిపోయాడు. యజమాని ఆ రోజంతా మేస్త్రీతో మాట్లాడలేదు.

ఆడవాళ్ళు మళ్ళీ వాకిట్లో కూర్చున్నారు. ఈసారి పాటలు లేవు, వక్కాకు పంచుకోవడం లేదు. యజమాని మొగవాళ్ళ చేత నాలుగైదు జిన్నులు తిప్పిస్తూ ఇంజను ఆగకుండా చూసుకున్నాడు. కొద్ది రోజులకు తొలకరి జల్లు ఒకటి పడి పత్తి గుట్టలు పైన తడిశాయి. ఆ మర్నాడు ఆయన వీరభద్రప్పను ఆఫీసు గదిలోకి పిలిచి, ఏమీ అనకుండా చెయ్యి చాచాడు. అలవాటు చొప్పున వీరభద్రప్ప తువ్వాలు కప్పాడు.

గుడ్డ కింద ఆయన అరచేతిలోకి మూడు వేళ్ళు వచ్చాయి.

వీరభద్రప్ప ఆ వేళ్ళను వదలకుండా కొంతసేపు అలాగే పట్టుకున్నాడు. అవి వెచ్చగా, మెత్తగా ఉన్నాయి. యజమాని దుర్మార్గుడేమీ కాదు. సిద్దక్క ఇంటికి వెళ్ళి తల వంచుకుని కూర్చుని వచ్చిన మనిషే. బేరంలో ఒక మెట్టు దిగి వచ్చాననీ, అవతలివాళ్ళు ఒక మెట్టు ఎక్కాలనీ ఆయన అనుకుంటున్నాడు. ఆ లెక్క ఆయనకు నేర్పింది తానే. మూడు మార్లు ఆగుతుంది; తిరిగే నాలుగో మారుకు పోవడానికి ఇంకొక మనిషి మిగిలింది, అంతే.

ఆ మూడు వేళ్ళను మోసుకుని వీరభద్రప్ప వాకిట్లోకి వచ్చి హొన్నూరమ్మ ఎదుట కూర్చున్నాడు. తువ్వాలు చాచాడు. ఆమె చెయ్యి ఇవ్వలేదు.

"ఇంజను తిరుగుతాంది గదా," అంది. "ఒక్కమారు దిగి చూడప్పా. దిగినాంక నువ్వు ఏ వేలు చూపిచ్చినా పట్టుకుంటా."

వీరభద్రప్ప లేచాడు. మెట్ల దగ్గర ఆమె ఆయనను ఆపింది.

"తువ్వాలు ఈడ పెట్టి దిగు. లోపల వదులు గుడ్డ ఉండకూడదు."

ఆయన తువ్వాలు తీసి పై మెట్టు మీద పెట్టాడు. పంచె పైకి లాగి గోచీ బిగించుకున్నాడు. లోపల దూది నుసి పొగమంచులా నిండి ఉంది. ఊపిరి తీస్తే గొంతులో ఉన్ని ఇరుక్కున్నట్టయింది. షాఫ్టు పొట్టకు జానెడు దూరంలో తిరుగుతోంది. ఎంత వేగంగా అంటే, అది తిరుగుతున్నట్టే కనబడలేదు, నున్నగా నూనె పూసిన కడ్డీ ఊరికే ఉన్నట్టు కనిపించింది. బెల్టుల గాలి చెంపలకు కొడుతోంది. ఆయన వంగి గుప్పెడు గింజలు తీశాడు. లేస్తుంటే ఏ వైపు లేవాలో తెలియలేదు. ఒక గంప నిండాలంటే ఎన్నిసార్లు వంగి లేవాలో తలచుకుని, లెక్క పెట్టడం మానుకున్నాడు. ఇందులో సగం అంటూ ఏముంది? పత్తి ధర చెరిసగం అవుతుంది. వంగిన మనిషి లేస్తుంది, లేదా లేవదు.

పైకి వచ్చాక ఆయన తువ్వాలు కోసం చూడలేదు. నేరుగా ఆఫీసు గదిలోకి నడిచాడు. తల నిండా, కనుబొమల నిండా దూది. యజమాని చెయ్యి చాచబోయి ఆగాడు.

"తువ్వాలేదండీ?"

"గవి కాడ ఉండాది. ఈతూరి నోటితోనే మాట్లాడుదాం సాహుకారూ. ఒక మాట అడుగుతా. ఇంజను ఆపేకి ఎందుకు ఒప్పుకోవు?"

బజారులో ముప్పై ఏళ్ళుగా ఆయన ఎవరినీ అడగని ప్రశ్న అది. యజమానికి మొదట కోపం వచ్చింది, తరువాత ఆశ్చర్యం వేసింది. ఎవరైనా అడుగుతారని ఎదురుచూసి మానుకున్నవాడిలాగా గబగబా చెప్పాడు.

"ఆ ముసలి ఇంజను ఆగిందంటే దాని తలకాయ మళ్ళీ బ్లోలాంపుతో ఎర్రగా కాల్చాలండీ. ఒక్కోసారి పూటంతా ఊదినా అందుకోదు. మీకు తెలీదా? ఆ రెండు మార్లకే నా ప్రాణం తోడేసింది. అది బొత్తిగా మొరాయిస్తే ఈ పత్తంతా వానకి కుళ్ళిపోద్ది, నేను ఊరొదిలి పోవాలి."

"షాఫ్టు ఆగితే?"

"షాఫ్టు ఆగితే నాకేంటండీ? కాసేపు దూది రాదు, అంతేగా. వాళ్ళడిగింది ఇంజను ఆపమని."

"వాళ్ళకు ఆ రెండూ ఒకటే సాహుకారూ."

యజమానే లేచి కెంచప్పను పిలిచి, ఇంజను నడుస్తుండగా షాఫ్టు ఒక్కటే ఆగే ఉపాయం ఉందా అని అడిగాడు.

"అన్ని మిల్లుల్లో ఉంటాది గదా సామీ," అన్నాడు కెంచప్ప. "షాఫ్టు మీద ఇంగొక వట్టి చక్రం. పిడి లాగితే పెద్ద బెల్టు దాని మీదికి జరుగుతాది. ఇంజను దాన్ని ఊరికే తిప్పుకుంటా ఉంటాది, షాఫ్టు నిలబడిపోతాది. ఈడా ఉండె. పగిలిపోతే మీరు మిల్లు కొనకముందే తీసేసినారు. నన్ను ఇంజను ఆపమనిరి, ఆపితి. షాఫ్టు సంగతి ఎవురూ అడగలే."

ఎవరూ ఏమీ దాచలేదు. ఎవరూ అబద్ధమాడలేదు. యజమాని మనసులో ఇంజను ఉంది, ఆడవాళ్ళ మనసులో షాఫ్టు ఉంది. నోరు విప్పి ఉంటే ఇద్దరికీ కావలసింది మొత్తంగా దొరికేది. తువ్వాలు కింద వేళ్ళు అంకెలు మాత్రమే చెప్పగలవు, కారణాలు చెప్పలేవు. వీరభద్రప్ప గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఇదంతా సిద్దక్క నవ్విన ఆ సాయంత్రం కూడా ఇంత తేలికగానే ఉండి ఉంటుంది.

బళ్ళారి ఫౌండ్రీ ఒకదానిలో సరిపోయే పాత చక్రం దొరికింది. దాన్ని బిగించడానికి ఒక పూట కూడా పట్టలేదు. కెంచప్ప పిడి లాగాడు. బెల్టు పక్కకు జరిగింది. షాఫ్టు నెమ్మదించి, దాని మీది గీతలూ మచ్చలూ ఒక్కొక్కటిగా కనబడి, నిలిచిపోయింది. ఇంజను మాత్రం చెక్కుచెదరకుండా కొట్టుకుంటూనే ఉంది. యజమాని ముఖం వికసించింది. "చూశారా వీరభద్రప్ప గారూ, నా ఇంజనూ ఆగలేదు, వాళ్ళ మాటా నెగ్గింది," అన్నాడు. అని, వాకిట్లోని ఆడవాళ్ళ వైపు చూసి తల దించుకున్నాడు.

ఆడవాళ్ళు గంపలతో మెట్ల దగ్గరికి వచ్చారు గాని దిగలేదు. హొన్నూరమ్మ ఆగిన షాఫ్టును చూసింది, కెంచప్ప చేతిలోని పిడిని చూసింది.

"దిగండమ్మా," అన్నాడు వీరభద్రప్ప. "మీరు పైకి వచ్చేదాకా అది తిరగదు. నేను మాటిస్తాండా."

"మాట బ్యాడప్పా," అంది ఆమె. "పిడి ఇయ్యి."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక యజమాని వైపు చూశాడు. యజమాని తడిసిన పత్తి వైపు చూసి, సరేనన్నట్టు తల ఊపాడు. కెంచప్ప పక్కకు జరిగాడు. హొన్నూరమ్మ తన వాళ్ళలో ఒకామెను పిడి దగ్గర నిలబెట్టి, తాము పైకి వచ్చి మనుషుల లెక్క చూసుకునేదాకా దాన్ని ఎవరి చేతికీ ఇవ్వవద్దని చెప్పింది. సాహుకారు అడిగినా, వీరభద్రప్ప అడిగినా. ఆ తరువాతే కొంగు బిగించుకుంది. ఆగిన షాఫ్టు పక్కన కూడా కొంగు బిగించుకునే దిగింది.

పై మెట్టు మీద తువ్వాలు అలాగే పడి ఉంది, నుసి పట్టి తెల్లబడి. దిగుతున్న ఆడవాళ్ళు దాన్ని తొక్కకుండా దాటుకుంటూ పోయారు. వీరభద్రప్ప దాన్ని తీయలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని మెట్ల పక్కన నేల మీద కూర్చుని, లోపల చీపురు చప్పుడు వింటూ ఉండిపోయాడు.